బోరు నీళ్ళ అక్వేరియం: నీళ్ళు మార్చాక చేపలు ఎందుకు చనిపోతున్నాయి?

పిల్లలు మారాం చేశారని ఒక గాజు తొట్టి, నాలుగు గోల్డ్‌ఫిష్‌లు తెస్తాం. ఇంట్లో ఉన్నవి బోరు నీళ్ళే కాబట్టి అవే పోస్తాం. వారం పది రోజులు చేపలు బాగానే తిరుగుతాయి. ఆ తర్వాత నీళ్ళు మసకబారాయని తొట్టి మొత్తం ఖాళీ చేసి, గులకరాళ్ళూ స్పాంజీ కుళాయి కింద తళతళలాడేలా కడిగి, మళ్ళీ నింపుతాం. రెండు మూడు రోజుల్లో చేపలు ఒక్కొక్కటే వెల్లకిలా తేలతాయి. "బోరు నీళ్ళు పడలేదు" అని తీర్పు చెప్పేసి, ఈసారి ఆర్వో నీళ్ళు పోస్తాం. అవీ చస్తాయి.

ఎక్కువసార్లు తప్పు బోరు నీళ్ళది కాదు. చేప తన ఒంట్లోంచి తానే వదిలే అమ్మోనియాది. అయితే మన బోరు నీళ్ళకు ఒక గుణం ఉంది. తొట్టిలో పేరుకున్న అమ్మోనియాలో విషం పాలును అవి పెంచుతాయి. ఈ రెండు సంగతులూ తెలిస్తే, బోరు నీళ్ళతోనే చేపలను ఏళ్ళ తరబడి పెంచుకోవచ్చు.

అమ్మోనియా ఎక్కడి నుంచి వస్తుంది?

చేప తిన్న మేతలోని ప్రోటీన్ అరిగాక మిగిలే వ్యర్థమే అమ్మోనియా. అది ఎక్కువగా మొప్పల ద్వారానే నీళ్ళలోకి వస్తుంది. తినకుండా వదిలేసిన మేత, కుళ్ళిన ఆకులు, రాళ్ళ సందులో చనిపోయి కనపడకుండా ఉన్న చేప కూడా అమ్మోనియాగానే మారతాయి.

చేపల చెరువుల్లో వాడే ఒక లెక్క ఉంది: కిలో మేత వేస్తే సుమారు 30 గ్రాముల అమ్మోనియా నైట్రోజన్ తయారవుతుంది. అంటే ఒక గ్రాము మేతకు 30 మిల్లీగ్రాములు. 40 లీటర్ల తొట్టిలో ఒక గ్రాము మేత వేస్తే లీటరుకు 0.75 మిల్లీగ్రాముల అమ్మోనియా చేరినట్టు. ఫిల్టర్ ఇంకా పని మొదలుపెట్టని కొత్త తొట్టిలో ఇది రోజురోజుకూ పోగవుతుంది. నీళ్ళు మాత్రం అద్దంలా కనిపిస్తూనే ఉంటాయి. అమ్మోనియాకు రంగు లేదు. చేపను చంపే మోతాదులో ఉన్నా మన ముక్కుకు వాసన రాకపోవచ్చు.

బావిలో బతికే చేప తొట్టిలో ఎందుకు బతకదు?

"మా ఊళ్ళో దిగుడు బావిలో చేపలుండేవి, వాటికి ఏ ఫిల్టరూ లేదు కదా" అని పెద్దవాళ్ళు అంటుంటారు. నిజమే. కానీ 3 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల లోతు నీళ్ళున్న గుండ్రటి బావిలో దాదాపు 21,000 లీటర్లుంటాయి. మన రెండడుగుల తొట్టిలో రాళ్ళు పోను 45 లీటర్లు. అదే చేప, అదే వ్యర్థం, నీళ్ళు మాత్రం నాలుగొందల రెట్లకు పైగా తక్కువ. పైగా బావి గోడల నాచు, అడుగున మట్టి కూడా వడపోత పని చేస్తాయి.

పాత మసీదుల వుజూ హౌజుల్లో చేపలు హాయిగా తిరగడానికి కారణమూ ఇదే. హనఫీ ఫిఖహ్‌లో పది మూరల పొడవు, పది మూరల వెడల్పు ఉన్న హౌజుకు పెద్ద నీళ్ళ లెక్క వేరు, చిన్న పాత్రలోని నీళ్ళ లెక్క వేరు. అక్కడ మాట్లాడేది తహారత్ గురించే, అమ్మోనియా గురించి కాదు. అయినా కొద్ది నీళ్ళు త్వరగా పాడవుతాయన్న మాట తొట్టికీ వర్తిస్తుంది. గుండ్రటి గాజు గిన్నెలో గోల్డ్‌ఫిష్ పెట్టడం అందుకే మంచిది కాదు. అది బాగా తిని, బాగా వ్యర్థం వదిలే చేప.

మీ తొట్టిలో ఎన్ని లీటర్లు పడతాయో తెలుసుకోవాలంటే పొడవు, వెడల్పు, నీటి ఎత్తు సెంటీమీటర్లలో కొలిచి, మూడూ గుణించి, 1000తో భాగించండి. మందు వేసినా నీళ్ళు మార్చినా ఈ అంకె కావాలి.

బోరు నీళ్ళతో వచ్చే తేడా

నీళ్ళలో అమ్మోనియా రెండు రూపాల్లో ఉంటుంది. ఒకటి అమ్మోనియం, దీని వల్ల చేపకు హాని తక్కువ. రెండోది విడి అమ్మోనియా, మొప్పలను కాల్చేది ఇదే. ఏ రూపం ఎంత పాలు ఉండాలో నిర్ణయించేవి ముఖ్యంగా నీళ్ళ పీహెచ్, వేడి.

30 డిగ్రీల వేడిలో, ఉన్న మొత్తం అమ్మోనియాలో విషపు రూపం పాలు ఇలా ఉంటుంది:

పీహెచ్ 7 దగ్గర: నూటికి 1 కంటే తక్కువ
పీహెచ్ 7.5 దగ్గర: నూటికి సుమారు 2.5
పీహెచ్ 8 దగ్గర: నూటికి సుమారు 7.5
పీహెచ్ 8.5 దగ్గర: నూటికి సుమారు 20

తెలంగాణ, రాయలసీమ జిల్లాల్లో చాలాచోట్ల బోరు నీళ్ళు గట్టి నీళ్ళు. గిన్నెల మీద తెల్లటి పొర కడతాయి, సబ్బు నురగ రాదు. వీటి పీహెచ్ కూడా చాలాసార్లు 7.5కు పైనే ఉంటుంది. కాబట్టి టెస్ట్ కిట్‌లో ఒకే అంకె వచ్చినా, పీహెచ్ 7 ఉన్న తొట్టిలో చేప తట్టుకుంటుంది, 8.5 ఉన్న తొట్టిలో చనిపోతుంది. విడి అమ్మోనియా లీటరుకు 0.02 మిల్లీగ్రాములు దాటకుండా చూసుకోవడం మంచిది. పైన చెప్పిన 0.75 మిల్లీగ్రాముల లెక్కే తీసుకుంటే, పీహెచ్ 8 ఉన్న నీళ్ళలో విషం పాలు 0.056 అవుతుంది. అంటే హద్దుకు దాదాపు మూడు రెట్లు. ఎండాకాలంలో నీళ్ళు వేడెక్కితే ఇంకా పెరుగుతుంది.

అలాగని గట్టి నీళ్ళను తిట్టుకోనక్కర్లేదు. వీటిలో ఉండే బైకార్బొనేట్లు పీహెచ్‌ను ఒకేచోట నిలబెడతాయి. ఫిల్టర్‌లోని మంచి బ్యాక్టీరియాకు కూడా అవి కావాలి. గప్పీ, మోలీ, ప్లాటీ, స్వోర్డ్‌టెయిల్ ఇలాంటి నీళ్ళలో చక్కగా పెరిగి పిల్లలు పెడతాయి. నియాన్ టెట్రా, డిస్కస్ లాంటి మెత్తటి నీళ్ళ చేపలు బోరు నీళ్ళ ఇంటికి సరిపడవు. ముందు మీ నీళ్ళేమిటో తెలుసుకుని, తర్వాత చేపను ఎంచుకోండి.

ఫిల్టర్ అంటే స్పాంజి కాదు, అందులోని ప్రాణులు

అమ్మోనియాను తిని బతికే బ్యాక్టీరియా ఉంటాయి. అవి దాన్ని నైట్రైట్‌గా మారుస్తాయి. మరో రకం బ్యాక్టీరియా నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. అమ్మోనియా, నైట్రైట్ రెండూ చేపకు విషమే. నైట్రేట్ వల్ల హాని చాలా తక్కువ, నీళ్ళు మార్చినప్పుడు పోతుంది.

ఈ బ్యాక్టీరియా నీళ్ళలో తేలుతూ ఉండవు. స్పాంజి, గులకరాళ్ళు, గాజు గోడల మీద జిగటగా అంటుకుని ఉంటాయి. కొత్త తొట్టిలో ఇవి సరిపడా పెరగడానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. స్పాంజి మీది గోధుమరంగు జిగురు చూసి మురికి అనుకుని పిండి పారేస్తే, నెల రోజులు కష్టపడి తయారైన పనివాళ్ళను ఒక్క పూటలో ఇంట్లోంచి వెళ్ళగొట్టినట్టే.

కొత్త తొట్టి మొదలుపెట్టే పద్ధతి

1. నీళ్ళు పోసి, ఫిల్టర్, ఎయిర్ పంపు ఒక రోజంతా నడపండి. లోతు బోరులోంచి అప్పుడే వచ్చిన నీళ్ళలో ఆక్సిజన్ తక్కువ, కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ ఉండొచ్చు. గాలి తగిలాక పీహెచ్ పెరుగుతుంది. కాబట్టి పీహెచ్‌ను మర్నాడు కొలిస్తేనే అసలు అంకె తెలుస్తుంది.

2. తెలిసినవాళ్ళ దగ్గర ఆరోగ్యంగా నడుస్తున్న పాత తొట్టి ఉంటే, వాళ్ళ ఫిల్టర్ స్పాంజిలో ముక్క అడిగి, తడి ఆరకుండా తెచ్చి మీ ఫిల్టర్‌లో పెట్టండి. ఇంతకంటే దగ్గర దారి లేదు.

3. పాత స్పాంజి దొరక్కపోతే, చేపలు వెయ్యకుండానే బ్యాక్టీరియాను పెంచొచ్చు. అమ్మోనియం క్లోరైడ్ లీటరుకు 2 మిల్లీగ్రాముల అమ్మోనియా చూపించేంత వేసి, అది సున్నాకు దిగాక మళ్ళీ వేస్తుండాలి. వేసిన 24 గంటల్లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు వస్తే తొట్టి సిద్ధమైనట్టు. అమ్మోనియం క్లోరైడ్ అంటే కొత్త వస్తువేం కాదు. రాగి గిన్నెలకు కలాయి వేసేవాళ్ళు వాడే నౌషాదర్ అదే. జాబిర్ ఇబ్న్ హయ్యాన్ పేరున ఉన్న పాత రసాయన గ్రంథాల్లోనూ దాని ప్రస్తావన ఉంది. కాకపోతే బజారు నౌషాదర్‌లో ఇతర లోహాలు కలిసి ఉండొచ్చు, తొట్టికి శుద్ధమైనదే వాడాలి.

4. చేపలతోనే మొదలుపెట్టక తప్పకపోతే, 45 లీటర్లకు రెండు మూడు చిన్న చేపలు చాలు. మొదటి నెల రోజు విడిచి రోజు మేత వెయ్యండి. రెండు రోజులకోసారి అమ్మోనియా పరీక్షించండి. కిట్ 0.25 దాటితే పావు వంతు నీళ్ళు మార్చండి. పీహెచ్ 8 దాటిన తొట్టికి అదీ ఎక్కువే, ఏ కాస్త రంగు మారినా నీళ్ళు మార్చాలి.

కిట్ కొనేటప్పుడు చుక్కలు వేసే రకం తీసుకోండి. అది చూపించేది మొత్తం అమ్మోనియాను. విషం పాలు ఎంతో పై పట్టికతో మీరే లెక్క కట్టుకోవాలి. అందుకే పీహెచ్ కిట్ కూడా పక్కనే ఉండాలి.

ఎప్పుడు చనిపోయాయో చూస్తే కారణం దొరుకుతుంది

నీళ్ళు పోసిన కొద్దిసేపటికే: చేపలన్నీ ఒకేసారి పైకొచ్చి నోళ్ళు తెరుస్తుంటే, ఆక్సిజన్ తక్కువున్న పచ్చి బోరు నీళ్ళు కావచ్చు, నీళ్ళ వేడిలో తేడా కావచ్చు, క్లోరిన్ కావచ్చు. మే నెల మధ్యాహ్నం మేడ మీది ట్యాంకు నీళ్ళు ఎంత కాలుతుంటాయో తెలిసిందే. ఇక హైదరాబాద్ అపార్ట్‌మెంట్ల సంపుల్లో బోరు నీళ్ళు, నల్లా నీళ్ళు, ట్యాంకర్ నీళ్ళు కలిసిపోతాయి. "మావి బోరు నీళ్ళే" అనుకున్నా అందులో క్లోరిన్ ఉండొచ్చు. అనుమానముంటే కొట్టులో దొరికే యాంటీ క్లోరిన్ చుక్కలు వెయ్యండి.

అదే రోజు రాత్రికి లేదా మర్నాడు: చాలాకాలం నీళ్ళు మార్చని తొట్టిలోనో, ఆర్వో నీళ్ళతో నింపిన తొట్టిలోనో పీహెచ్ మెల్లగా పడిపోతుంది. అక్కడ అమ్మోనియా పోగైనా, హాని తక్కువ రూపంలో దాగి ఉంటుంది. ఒక ఉదాహరణ చూడండి. 28 డిగ్రీల వేడి, పీహెచ్ 6.5, అమ్మోనియా లీటరుకు 4 మిల్లీగ్రాములు. ఇందులో విషం పాలు 0.009 మాత్రమే. మీరు సగం నీళ్ళు తీసి బోరు నీళ్ళు పోశారు. అమ్మోనియా 2కు తగ్గింది, కానీ పీహెచ్ 7.8కి పెరిగింది. ఇప్పుడు విషం 0.085. అమ్మోనియా సగమైంది, విషం మాత్రం తొమ్మిది రెట్లు దాటింది. "మంచి నీళ్ళు పోస్తే చచ్చాయేమిటి" అన్న ప్రశ్నకు జవాబు ఇదే. ఇలాంటి తొట్టిలో మేత ఆపి, రోజుకు పదో వంతు చొప్పున మెల్లగా మార్చుకుంటూ రావాలి.

రెండు నుంచి నాలుగు రోజుల తర్వాత: ఫిల్టర్, రాళ్ళు బాగా కడిగేసినందువల్ల బ్యాక్టీరియా పోయి, అమ్మోనియా మళ్ళీ మొదటి నుంచీ పోగవుతోంది. మన ఇళ్ళల్లో ఎక్కువగా జరిగేది ఇదే.

తొట్టి పెట్టిన రెండు మూడు వారాలకు: అమ్మోనియా తగ్గి నైట్రైట్ పెరిగే దశ ఇది. అమ్మోనియా సున్నా వచ్చిందని ధీమాగా ఉండొద్దు, నైట్రైట్ కూడా చూడండి. లీటరుకు ఒక గ్రాము ఉప్పు నీళ్ళలో కరిగించి మెల్లగా కలిపితే, అందులోని క్లోరైడ్ నైట్రైట్‌ను మొప్పల దగ్గర చాలావరకు అడ్డుకుంటుంది.

నీళ్ళు మార్చే సరైన పద్ధతి

వారానికోసారి పావు వంతు మారిస్తే చాలు. కొత్త నీళ్ళను ముందురోజే బకెట్‌లో పట్టి, వీలైతే ఎయిర్ పంపు పెట్టి ఉంచండి. తొట్టి నీళ్ళంత వేడికి వచ్చాక పొయ్యండి. స్పాంజి మురికితో మూసుకుపోతే, తొట్టిలోంచి తీసిన పాత నీళ్ళలోనే రెండుసార్లు ముంచి మెల్లగా పిండండి. కుళాయి కింద వద్దు. రాళ్ళు, స్పాంజి ఒకే రోజు కడగొద్దు. తీసిన నీళ్ళు పారబొయ్యకుండా పూలకుండీలకో కరివేపాకు చెట్టుకో పొయ్యండి. నైట్రేట్ వాటికి ఎరువు, నీళ్ళు వృథా చేసిన ఇస్రాఫ్ కూడా ఉండదు. ఉప్పు కలిపిన నీళ్ళు మాత్రం మొక్కలకు పొయ్యొద్దు.

చేప ఇబ్బంది పడుతుంటే వెంటనే ఏం చెయ్యాలి?

మొప్పలు ఎర్రబడటం, ఊదారంగుకు తిరగడం, రెక్కలు ఒంటికి ముడుచుకోవడం, అడుగున పడి ఉండటం, మేత ముట్టకపోవడం అమ్మోనియా గుర్తులు. అప్పుడు:

మేత ఆపండి. రెండు మూడు రోజులు తినకపోతే ఆరోగ్యంగా ఉన్న పెద్ద చేపకు ఏమీ కాదు.

ముందు పీహెచ్ చూడండి. అది తొట్టిలోనూ కొత్త నీళ్ళలోనూ ఒకేలా ఉంటే మూడో వంతు నుంచి సగం వరకు మార్చండి. తొట్టి పీహెచ్ 7 కంటే తక్కువుంటే పైన చెప్పినట్టు మెల్లగానే వెళ్ళండి.

ఎయిర్ పంపు పెంచండి. చనిపోయిన చేప, మిగిలిన మేత తీసెయ్యండి.

అమ్మోనియాను బంధించే మందు కొట్టులో దొరికితే డబ్బా మీది మోతాదులో వెయ్యండి. గోదావరి జిల్లాల ఆక్వా రైతులు చెరువుల్లో చల్లే జియోలైట్‌ను చిన్న గుడ్డసంచిలో కట్టి ఫిల్టర్ దగ్గర పెట్టొచ్చు. అది మంచినీళ్ళలో అమ్మోనియాను పట్టుకుంటుంది. కానీ జియోలైట్ ఉన్న తొట్టిలో ఉప్పు వెయ్యకూడదు, పట్టుకున్నదంతా మళ్ళీ నీళ్ళలోకి వదిలేస్తుంది.

నిమ్మరసం, చింతపండు, పటిక వేసి పీహెచ్ దించే ప్రయత్నం వద్దు. గట్టి నీళ్ళలో అది కాస్త దిగి మళ్ళీ పైకి వస్తుంది, ఆ ఊగులాటే చేపను చంపుతుంది. జబ్బు ఏమిటో తెలియకుండా నీలం మందు పొయ్యడం కూడా వద్దు. అది ఫిల్టర్ బ్యాక్టీరియాను దెబ్బతీస్తుంది.

పండగలు, ప్రయాణాలు, కరెంటు కోత

ఈద్‌కు చుట్టాలొస్తే వచ్చిన పిల్లలందరూ తలో చిటికెడు మేత వేస్తారు. కొందరు రొట్టెముక్క, బిర్యానీ మెతుకులు కూడా వేస్తారు. ఆ రెండు రోజులు మేత డబ్బా అల్మారాలో పెట్టి, రోజుకు వెయ్యాల్సింది ఒక చిన్న పొట్లంలో కట్టి ఒక్క పిల్లవాడి చేతికే ఇవ్వండి. రెండు నిమిషాల్లో తినేసేంతే వెయ్యాలి. రంజాన్‌లో సహెరీకి ఒకరు, ఇఫ్తార్‌కు ఒకరు తెలియక రెండుసార్లు వేసే ఇళ్ళూ ఉంటాయి. ఎవరు వెయ్యాలో ముందే అనుకోండి.

ఉమ్రాకో ఊరికో వెళ్తుంటే, బయలుదేరే రోజు "పాపం ఆకలేస్తుంది" అని గుప్పెడు వేసి వెళ్ళడమే అన్నిటికంటే ప్రమాదం. నాలుగైదు రోజులైతే మేత లేకపోయినా పర్వాలేదు. అంతకు మించితే ఒక్కో రోజుకు ఒక్కో పొట్లం కట్టి పక్కింటివాళ్ళకు ఇచ్చి వెళ్ళండి.

కరెంటు పోయి ఫిల్టర్ ఆగితే గాలి అందక బ్యాక్టీరియా కూడా చనిపోతాయి. ఎయిర్ పంపును ఇన్వర్టర్‌కు కలపండి, చాలా తక్కువ కరెంటు తీసుకుంటుంది. అదీ లేకపోతే మగ్గుతో తొట్టి నీళ్ళే ముంచి ఎత్తు నుంచి మళ్ళీ పోస్తుండండి. కరెంటు వచ్చేదాకా మేత వద్దు.

బావి నీళ్ళలోనే అమ్మోనియా కనిపిస్తే

తొట్టిని పరీక్షించే ముందు ఒకసారి మీ బావి లేదా బోరు నీళ్ళను కూడా అదే కిట్‌తో చూడండి. లోతు బోర్లలో కొన్నిచోట్ల భూమి పొరల నుంచే కొంత అమ్మోనియా రావచ్చు. కానీ సెప్టిక్ ట్యాంకుకో పశువుల కొట్టానికో దగ్గరున్న బావిలో కనిపిస్తే, మురుగు ఊరుతోందేమోనని అనుమానించాలి. అప్పుడు సంగతి చేపలతో ఆగదు, ఆ నీళ్ళు ఇంటిల్లిపాదీ తాగుతున్నారు.

తాగునీటికి భారత ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం అమ్మోనియా లీటరుకు 0.5 మిల్లీగ్రాములు, నైట్రేట్ 45 మిల్లీగ్రాములు మించకూడదు. నైట్రేట్ ఎక్కువున్న నీళ్ళతో పాలపొడి కలిపి పడితే నెలల పసిపిల్లలకు రక్తంలో ఆక్సిజన్ అందక ఒళ్ళు నీలంగా మారే ప్రమాదం ఉంది. నీళ్ళు మరగబెడితే నైట్రేట్ పోదు. కాబట్టి కిట్‌లో రంగు మారితే గ్రామీణ నీటి సరఫరా విభాగం ల్యాబులో తాగునీటి పరీక్ష చేయించండి, ఫలితం వచ్చేదాకా ఆ నీళ్ళు తాగొద్దు.

అమానత్

పిల్లిని కట్టేసి, తిండి పెట్టకుండా, తానుగా వెతుక్కుని తిననివ్వకుండా చంపిన స్త్రీ గురించిన హదీసు బుఖారీ, ముస్లింలలో ఉంది. బావిలోకి దిగి తన తోలు మేజోడులో నీళ్ళు తెచ్చి దాహంతో ఉన్న కుక్కకు తాగించి, అల్లాహ్ క్షమాపణ పొందిన మనిషి గురించిన హదీసూ ఉంది. మనం గాజు గోడల మధ్య పెట్టిన చేప వేరే నీళ్ళు వెతుక్కుంటూ వెళ్ళలేదు. దానికి మేత వెయ్యడం పిల్లలకు నేర్పుతాం. వారానికోసారి పావు వంతు నీళ్ళు మార్చడం, కిట్ రంగు చూడటం, స్పాంజిని పాత నీళ్ళలోనే పిండటం కూడా వాళ్ళకు నేర్పండి.